రొయ్యల గుంట గట్టున పర్యావరణ పాఠం

నెల్లూరు తీరంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, తొమ్మిదో తరగతి. నా మిత్రుడైన సైన్సు మాస్టారు పిల్లల చేత నాలుగు సీసాల నీళ్లు తెప్పించాడు. బడి బోరువి ఒకటి, జాలర్ల పాళెంలో కుళాయివి ఒకటి, ఊరికి పడమట వరిమళ్ల పక్కనున్న బోరువి ఒకటి, ఉప్పుటేరువి ఒకటి. ఒక పిల్లవాడు ఇంట్లోంచి రిఫ్రాక్టోమీటరు కూడా పట్టుకొచ్చాడు. రొయ్యలు వేసే ఇళ్లలో దానికి గోడగడియారానికి ఉన్నంత పని ఉంటుంది. గాజు పలక మీద చుక్క నీళ్లు వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి కంటికి ఆనించుకుంటే లోపల నీలం, తెలుపు కలిసేచోట గీత కనిపిస్తుంది. ఆ గీత ఏ అంకె దగ్గర ఆగితే అదే ఆ నీళ్ల సాలినిటీ. సముద్రపు నీళ్లకైతే 35 దగ్గర ఆగుతుంది.

ఉప్పుటేరు నీళ్లకు గీత బాగా పైకి పోయింది. బోరు నీళ్లకు సున్నా పక్కనే తచ్చాడింది. "చూడండి సార్, బోర్లలో ఉప్పే లేదు" అన్నాడు వాడు. మాస్టారు ఏమీ అనకుండా జేబులోంచి పెన్నులాంటి టీడీఎస్ మీటరు తీసి పాళెం కుళాయి నీళ్లలో ముంచాడు. అంకె వెయ్యి దాటింది. తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేనిచోట 2000 వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. రొయ్యకు సరిపోయే కొలబద్ద మనిషి తాగే నీటికి చాలదు. ఆ ఒక్క సంగతే పిల్లలకు అరగంట పాఠమైంది.

తర్వాత వెనక బెంచీలోంచి పాళెం పిల్ల ఒకతె లేచింది. "గుంటలొచ్చినాకనే మా నీళ్లు ఇట్టయినాయంట సార్. మా అవ్వ చెప్తాది." రిఫ్రాక్టోమీటరు తెచ్చినవాడి ముఖం ఎర్రబడింది. "మా గుంటల వల్లయితే మా ఇంటి బోరు గూడా ఎందుకు ఉప్పగుండాది? మేం గూడా క్యాన్ నీళ్లే గదా కొనుక్కుంటుండాం!"

తరగతిలో చప్పుడు ఆగిపోయింది. ఆ నిమిషంలో మాస్టారు ఏం చేయాలి? అవ్వ మాటే నిజమని తేల్చాలా? రొయ్యల రైతు కొడుకును వెనకేసుకురావాలా? గొడవెందుకులే అని పేజీ తిప్పాలా? పర్యావరణ రాజకీయాన్ని ఏ పక్షానికీ కొమ్ముకాయకుండా పిల్లలకు ఎలా చెప్పాలన్న పెద్ద ప్రశ్నంతా ఆ నిమిషంలో ఉంది. దీనికి మన దేశంలోనూ బయటా ఇప్పటిదాకా దొరికిన జవాబులను ఈ తీరం మీద నిలబెట్టి చూడాలని ఈ ప్రయత్నం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పార్టీని తరగతి బయట పెట్టాలి, రాజకీయాన్ని లోపలికి రానివ్వాలి. రాజకీయమంటే ఇక్కడ నా ఉద్దేశం ఎన్నికల గుర్తులు కాదు. ఏ నీళ్లు ఎవరికి, ఏ నేల దేనికి, బూడిద ఎవరి ఇంటి మీద పడాలి, ఆ సంగతి ఎవరు తేల్చాలి అన్న బేరం. ఆ బేరం జరుగుతున్న ఊళ్లోనే పుట్టి పెరుగుతున్న పిల్లలకు అది తప్ప మిగతా పర్యావరణమంతా చెబుతున్నాం.

మొక్క నాటే పాఠం

మొదటి జవాబు మౌనం. మన బడుల్లో అన్నిటికన్నా ఎక్కువగా నడిచేది ఇదే.

పర్యావరణం బడికి వచ్చింది కోర్టు దారిలో. న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. అమలు సరిగా లేదని 2003 డిసెంబరులో మళ్లీ గట్టిగా చెప్పింది. దాని వెంటే డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పర్యావరణ కోర్సు వచ్చింది. బడుల్లో 2001 నుంచి జాతీయ హరిత దళాలు ఏర్పడ్డాయి. ఇంత జరిగినా బడిలో స్థిరపడిన పాఠమేమిటంటే మొక్క నాటడం, ప్లాస్టిక్ ఏరడం, కుళాయి కట్టేయడం, జూన్ 5న ర్యాలీ. ఇవి చెడ్డ పనులని ఎవరూ అనరు. కానీ ఈ పాఠం చదివిన పిల్లవాడికి కాలుష్యమంటే తన దురలవాటులా కనిపిస్తుంది. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు నిలబడి ఉన్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, దాని బూడిద చెరువు, కృష్ణపట్నం రేవులో దిగే బొగ్గు ఆ పాఠంలో ఉండవు. అతని ఇంటి డాబా మీద ఆరేసిన బట్టలకు మాత్రం ఆ బూడిద అంటుకుని ఉంటుంది.

రాజ్యాంగంలో కూడా మన బోధన ఒక వాక్యాన్నే పట్టుకుంది. 1976 నాటి 42వ సవరణ పర్యావరణం గురించి రెండు మాటలు చేర్చింది. 48ఎ పర్యావరణాన్ని కాపాడటం రాజ్యం బాధ్యత అంటుంది, 51ఎ(జి) అది పౌరుడి విధి అంటుంది. గోడల మీద రెండోదే కనిపిస్తుంది, మొదటిది కనిపించదు. ఆ పక్కనే ఉన్న 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని, అడిగి తెలుసుకునే తత్వాన్ని కూడా విధి అనే అంటుంది.

ఉపాధ్యాయుల మౌనాన్ని పిరికితనం అనడం నాకు నచ్చదు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964 నుంచి వాళ్ల మెడ మీద ఉంది. ప్రభుత్వ విధానాన్ని విమర్శించరాదు, రాజకీయాల్లో పాల్గొనరాదు. అదే ఉపాధ్యాయుడు ఎన్నికలొస్తే పోలింగ్ అధికారిగా కూర్చోవాలి. ఊళ్లో రెండు పార్టీలవాళ్ల పిల్లలూ ఆయన ముందే కూర్చుంటారు. భయపడటంలో అర్థముంది. అయితే 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది. బిడ్డ భయం లేకుండా తన అభిప్రాయం చెప్పగలిగేలా బోధన ఉండాలంటుంది. ఉపాధ్యాయుడు తన అభిప్రాయం చెప్పకూడదన్న నియమాన్ని పిల్లలు కూడా నోరు మూసుకోవాలన్న నియమంగా మార్చుకున్నది మనమే.

ఒక పాఠం ఊరు దాటిన కథ

పాఠానికి, రాజకీయానికి ఉన్న సంబంధం గురించి దేశంలో ఎవరికైనా సందేహముంటే నెల్లూరు జిల్లాకు రావాలి. 1990-91లో ఇక్కడ అక్షర దీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వయోజనుల వాచకాల్లో సారా తాగే మొగుడి చేతిలో నలిగిపోయిన సీతమ్మ కథ ఒకటి వచ్చింది. రాత్రిబడిలో అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు ఆ కథలో తమ ఇళ్లను చూసుకున్నారు. మెట్ట ప్రాంతంలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లను నడిపించిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ దూబగుంట కథే మళ్లీ పాఠమై పక్క ఊళ్ల రాత్రిబడులకు చేరింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఆ వాచకం ఏ పార్టీకీ ఓటేయమనలేదు. ఎవరినీ దుకాణం మీదికి పొమ్మనలేదు. చదువుకునేవాళ్ల బతుకును పాఠంలో పెట్టింది, అంతే. అయినా దాన్ని నిష్పాక్షికమైన పాఠమని అనగలమా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. ఇప్పుడు నాకు అనిపిస్తున్నది ఇది. ఆ ఆడవాళ్లు పెద్దవాళ్లు. తమ ఇల్లు, తమ కూలి డబ్బు, తమ దెబ్బలు. నిర్ణయించుకునే వయసు, హక్కు వాళ్లవి. పద్నాలుగేళ్ల పిల్లల తరగతి అలాంటిది కాదు. అక్కడ ఒకడి తండ్రి గుంట రెండో బిడ్డ తల్లి బిందె పక్కనే ఉంది. వాచకం నుంచి తీసుకోవలసింది బతుకును పాఠంలోకి తెచ్చిన ధైర్యం. ముగింపును ముందే రాసిపెట్టే హక్కు బడికి లేదు.

ఈ కథకు మరో మలుపు ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకంలో ప్రజా ఉద్యమాల మీద ఒక అధ్యాయం ఉండేది. చిప్కో, నర్మద, మత్స్యకారుల జాతీయ వేదికతో పాటు మన దూబగుంట సారా పోరాటం కూడా అందులో ఉండేది. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించే పేరుతో 2022లో ఆ అధ్యాయాన్ని తీసేశారు. అంతకుముందు 2014లో మన రాష్ట్రంలో వచ్చిన పదో తరగతి సాంఘికశాస్త్రంలో, నర్మదా లోయలోని జలసింధి గ్రామస్థుడు ముఖ్యమంత్రికి రాసిన లేఖను పాఠంగా పెట్టారు. ఆ లేఖ ఒకవైపు మాటే. కానీ అది ఒకవైపు మాట అని పిల్లలకు తెలుస్తూనే ఉంటుంది, కింద సంతకం ఉంటుంది కనుక. సంతకం లేని పేరాలతోనే నాకు పేచీ. "అభివృద్ధికి కొంత త్యాగం తప్పదు" అని పుస్తకమే స్వయంగా అన్నప్పుడు ఆ మాట ఎవరిదో పిల్లవాడు అడగలేడు.

బయటివాళ్లు వేసుకున్న నియమాలు

పక్షం వహించకుండా చెప్పడమెలా అని ఇతర దేశాలవాళ్లూ తల బద్దలు కొట్టుకున్నారు. పశ్చిమ జర్మనీలో వామపక్ష, మితవాద విద్యావేత్తలు ఏళ్ల తరబడి తగవులాడుకుని 1976లో బాయ్‌టెల్స్‌బాఖ్ అనే ఊళ్లో కూర్చున్నారు. అక్కడ తేలిన మూడు సూత్రాలు ఇప్పటికీ అక్కడి పౌరవిద్యకు పునాది. పిల్లవాడి నోట్లో మన అభిప్రాయం కుక్కి గెలవకూడదు. శాస్త్రంలోనూ రాజకీయంలోనూ వివాదంగా ఉన్నదాన్ని తరగతిలోనూ వివాదంగానే చూపాలి. పిల్లవాడు తన మేలు ఎక్కడుందో విడమర్చుకుని పరిస్థితిని ప్రభావితం చేయగలగాలి. మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఆ మూడో సూత్రం వల్లే ఆ నియమాలు మౌనానికి సాకు కాకుండా పోయాయి.

ఇంగ్లండులో 1996 విద్యాచట్టం బడుల్లో పక్షపాత రాజకీయ ప్రచారాన్ని నిషేధించి, వివాదాస్పద విషయాల్లో సమతూకం ఉండాలంది. 2007లో ఆ చట్టం పరీక్షకొచ్చింది. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ వ్యాఖ్యాతగా కనిపించే 'యాన్ ఇన్‌కన్వీనియెంట్ ట్రూత్' సినిమాను బడులకు పంపడం మీద ఒక తండ్రి కోర్టుకెక్కాడు. న్యాయమూర్తి బర్టన్ సినిమాను ఆపలేదు. భూమి వేడెక్కుతోందని, దానికి ప్రధాన కారణం మనుషులేనని చెప్పే మూల వాదనకు శాస్త్రం బలం ఉందన్నారు. అదే సమయంలో శాస్త్రజ్ఞుల సాధారణ అభిప్రాయాన్ని దాటిపోయిన తొమ్మిది చోట్లను వేలెత్తి చూపి, ఆ వివరణ ఉపాధ్యాయుల చేతికిచ్చాకే సినిమా చూపమన్నారు.

ఈ తీర్పు మన తీరానికి అచ్చంగా పనికొస్తుంది. వాతావరణం వేడెక్కడానికి రెండు పక్షాలు లేవు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను సంగతి పిల్లలు తాతల నోట విన్నారు. ఇక ముందు అలాంటివాటి బలం ఎలా మారుతుందన్నది శాస్త్రం, దాన్ని పార్టీల చర్చగా మార్చడం పిల్లలకు అన్యాయం. తీరంలో సరుగుడు తోటలు పెంచాలా, మడచెట్లు పెంచాలా, తుపాను షెల్టరు ముందు ఏ పాళెంలో కట్టాలి, థర్మల్ కేంద్రాన్ని ఎప్పుడు ఆపాలి, అందులో కాంట్రాక్టు కూలీకి పోయేవాళ్లు అప్పుడేం తినాలి అన్నవి మాత్రం నిజంగా రెండు మూడు పక్షాలున్న ప్రశ్నలు. మొదటి రకానికి సగం సగం తూకం వేస్తే అబద్ధమవుతుంది. రెండో రకానికి ఒకే జవాబు చెబితే ప్రచారమవుతుంది. ఏది ఏ రకమో గుర్తుపట్టడంలోనే ఉపాధ్యాయుడి నేర్పంతా ఉంది.

ఇంగ్లండులోనే లారెన్స్ స్టెన్‌హౌస్ 1967లో మొదలుపెట్టిన ప్రయోగం ఇంకాస్త దూరం పోయింది. ఉపాధ్యాయుడు తటస్థంగా ఉండే సభాధ్యక్షుడు, ముందు పరిచేవి సాక్ష్యాలు, మాట్లాడేది పిల్లలు. వినడానికి బాగుంటుంది. మన తరగతిలో మాట్లాడేది ఎవరు? గుంటల రైతు కొడుకు మాట్లాడతాడు. ఉప్పుటేరులో పీతలు పట్టే యానాది పిల్ల తల వంచుకుంటుంది. అధ్యక్షుడు తటస్థంగా ఉంటే గొంతున్నవాడి పక్షమే గెలుస్తుంది. అందుకే అవ్వ ఏం చెప్పిందో ఇంటికెళ్లి రాసుకురమ్మని, పేరు చెప్పకుండా మాస్టారే చదవడం మేలు. చిన్న సంగతే, కానీ ఇలాంటివి తెలియకే చర్చా పద్ధతి మన దగ్గర చాలాసార్లు విఫలమవుతోంది.

గుంటలే పాఠ్యపుస్తకం

వివాదాన్ని వివాదంగా చూపడానికి నెల్లూరు తీరానికి రొయ్యల కన్నా మంచి పాఠం లేదు. ఎందుకంటే ఇందులో ముప్పై ఏళ్ల చరిత్ర కాగితాల మీద ఉంది, ఏ ఒక్క పార్టీకీ అది సొంతం కాదు.

1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, కోట, వాకాడు వైపు ఉప్పునేలలే కాదు, వరిమళ్లు కూడా గుంటలయ్యాయి. ఎకరా విలువ చూస్తుండగానే పెరిగింది. 1994 చివర్లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. సీడుకు, ఫీడుకు అప్పు తెచ్చిన రైతు తెల్లవారి గట్టు మీదికొచ్చేసరికి రొయ్యలు ఒడ్డుకొచ్చి తేలుతున్నాయి. గుంటలు వదిలేసి పోయినవాళ్లు కొందరు, ఆస్తి కరిగిపోయినవాళ్లు కొందరు. పర్యావరణ నష్టమంటే ముందు దెబ్బతిన్నది రొయ్యల రైతే అన్న సంగతి ఈ పాఠంలో మొదట రావాలి. అప్పుడు ఆ పిల్లవాడు బోనులో నిలబడినట్టు కాకుండా సాక్షిలా కూర్చోగలుగుతాడు.

తమిళనాడు గాంధేయవాది ఎస్.జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' నిపుణులు ఆంధ్ర, తమిళనాడు తీరాలు తిరిగి నివేదికలిచ్చారు. బావుల్లోకి ఉప్పు దిగడం, ఉప్పుటేర్లలోకి గుంటల వ్యర్థజలం వదలడం, పాళెంవాళ్లకు సముద్రానికి పోయే దారి మూసుకుపోవడం వాటిలో ఉన్నాయి. పరిశ్రమ తెచ్చే ఆదాయం కన్నా చేసే నష్టమే ఎక్కువని నీరి లెక్కగట్టింది. ఆ లెక్క వేసిన తీరును పరిశ్రమ ఒప్పుకోలేదు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పిచ్చారు. 1991 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ పరిధిలో రొయ్యల పరిశ్రమ ఉండకూడదు, అది సముద్రపు ఒడ్డున తప్ప వీలుకాని పరిశ్రమ కాదు. చిలకా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల కూడా వద్దు. ఉన్నవాటిని 1997 మార్చి 31 లోగా తొలగించాలి. పని పోయినవాళ్లకు ఆరేళ్ల జీతం ఇవ్వాలి. సంప్రదాయ పద్ధతిలో సాగు చేసుకునేవాళ్లకు మినహాయింపు.

ఇంత గట్టి తీర్పు తర్వాత ఏమైంది? సమీక్ష పిటిషన్లతో కూల్చివేత ఆగింది. 1997లోనే కేంద్రం బిల్లు తెచ్చింది, ఆ లోక్‌సభ రద్దయింది. చివరికి 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆటుపోట్ల గీత నుంచి 200 మీటర్ల వరకు నిషేధం, ఆపైన రిజిస్ట్రేషన్. కోర్టు వద్దన్న చోటును చట్టం చాలా మట్టుకు కావాలంది. 2009లో వనామి రొయ్య వచ్చింది, గుంటలు మళ్లీ నిండాయి. 2023 సవరణ రిజిస్ట్రేషన్ లేని సాగుకున్న జైలు శిక్షను తీసేసి జరిమానాలు పెట్టింది. ఇన్నేళ్లలో ఢిల్లీలో యునైటెడ్ ఫ్రంట్, యూపీఏ, ఎన్డీఏ అన్నీ కూర్చున్నాయి. హైదరాబాదులో, అమరావతిలో కుర్చీలు ఎన్నోసార్లు మారాయి. దారి మాత్రం ఒకటే.

పార్టీ వద్దు, రాజకీయం కావాలి అన్న నా మాటకు దీన్ని మించిన సాక్ష్యం చూపలేను. ఇక్కడ తప్పు ఏ పార్టీదని అడిగితే పాఠం రెండు నిమిషాల్లో చచ్చిపోతుంది. కోర్టుకు, పార్లమెంటుకు మధ్య ఎవరి మాట ఎందుకు చెల్లింది, విదేశీ మారకం కోసం చూసే కేంద్రం, ఉపాధి కోసం చూసే రాష్ట్రం, కిలోకు తూగే రొయ్యల లెక్కన పలికే కౌంట్ ధర కోసం చూసే రైతు, బిందెడు నీళ్ల కోసం చూసే ఆడవాళ్లు ఒకే కాగితాన్ని ఎలా చదువుతారు అని అడిగితే నెల రోజులు నడుస్తుంది. 2025లో అమెరికా సుంకం పెరిగి కౌంట్ ధర పడిపోయినప్పుడు ఆ కాగితానికి వాషింగ్టన్ చదువరి కూడా ఒకడున్నాడని పిల్లలకు ఇంట్లోనే తెలిసింది.

అయితే ఒక జాగ్రత్త. రొయ్యల కథలో పార్టీలన్నీ ఒకలాగే నడిచాయి కనుక చెప్పడం సులువు. ఒకే ప్రభుత్వం మీద వేలు చూపే వాస్తవం ఎదురైతే? థర్మల్ కేంద్రాల గంధక వాయువులకు 2015 డిసెంబరులో కేంద్రం హద్దులు పెట్టింది. గడువు పదే పదే పొడిగించింది. 2025 జులైలో దేశంలోని ఎక్కువ ప్లాంట్లకు వాయుశుద్ధి యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. హద్దు పెట్టిందీ, తీసిందీ ఒకే కూటమి. దీన్ని తరగతిలో చెప్పొచ్చా? చెప్పాలి. తేదీలు చెప్పాలి. మన బొగ్గులో గంధకం తక్కువని, ఖర్చు కరెంటు బిల్లు మీద పడుతుందని ప్రభుత్వం చెప్పిన కారణాన్ని దాని బలంతోనే చెప్పాలి. ఊపిరితిత్తుల మాట ఎత్తి అభ్యంతరం చెప్పినవాళ్ల వాదననూ అంతే బలంతో చెప్పాలి. నిష్పాక్షికంగా కనిపించడం కోసం ఇంకో పార్టీ తప్పొకటి వెతికి పక్కన పెట్టనక్కర్లేదు. నిజం అందరికీ సమానంగా తగలాలన్న నియమమేదీ లేదు.

కరేడు, శ్రీహరికోట

2025 జూన్ నెలాఖరులో ఉలవపాడు మండలం కరేడు రైతులు జాతీయ రహదారి మీదికి వచ్చారు. ఇండోసోల్ సంస్థ సౌర ఫలకాల కర్మాగారానికి ఎనిమిది వేలకు పైగా ఎకరాల సేకరణను వాళ్లు వద్దన్నారు. రామాయపట్నం రేవు పక్కన ఆ ప్రాజెక్టు తలపెట్టినప్పుడు ఒక ప్రభుత్వం ఉంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ప్రాజెక్టు మారలేదు.

మొక్క నాటే పాఠం చదివిన పిల్లవాడు దీని ముందు దిక్కుతోచక నిలబడతాడు. సౌరశక్తి పచ్చనిది అని పుస్తకం చెప్పింది. మామిడి, సపోటా తోటలు పచ్చగా కళ్లెదుటే ఉన్నాయి. బొగ్గు మానాలంటే ఫలకాలు ఎక్కడో తయారుకావాలి కదా అన్న ప్రశ్నకు బరువుంది. ఆ 'ఎక్కడో' ఎప్పుడూ రెండు పంటల నేలేనా అన్న ప్రశ్నకూ బరువుంది. ఇక్కడ పర్యావరణం ఒకవైపు, అభివృద్ధి ఇంకోవైపు అని గీత గీయలేం. పర్యావరణమే రెండువైపులా ఉంది. ఇలాంటి కేసు తరగతికి దొరకడం అదృష్టమని అనలేను, కరేడు ఇళ్లలో అన్నం సహించని రోజులవి. కానీ మన పాఠాల్లోని గీతలు ఎంత పైపైనివో చూపించడానికి ఇంత దగ్గరి ఉదాహరణ నాకు వేరే కనిపించలేదు.

శ్రీహరికోటదీ అలాంటి కథే. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. దానికోసం వేసిన కంచె యానాదుల్ని వాళ్ల అడవి నుంచి వేరు చేసింది. అదే కంచె ఆ దీవి అడవిని గొడ్డలి నుంచి కాపాడింది. రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది మానేసినవాడు పక్షం వహించినట్టే. రాకెట్ లేచిన ప్రతిసారీ బడి మైదానంలోకి పరిగెత్తే పిల్లలకు ఈ రెండు నిజాలనూ పక్కపక్కనే పట్టుకునే శక్తి ఉంది. మనమే తక్కువ అంచనా వేస్తున్నాం.

పులికాట్ గురించి ఒక్క మాట. ఫ్లెమింగో పండగకు బడి బస్సుల్లో పోయే పిల్లలకు పక్షులు చూపిస్తాం. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి ముఖద్వారం పూడుకుపోతే సరస్సులోకి సముద్రపు నీళ్లు రావని, చేప తగ్గుతుందని, పూడిక తీయమని జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నారని చెప్పం. ప్రకృతిని ముట్టుకోకపోవడమే రక్షణ అనుకునే పిల్లవాడికి, ముట్టుకోమని అడిగేది ఆ నీటి మీద బతికేవాడే అని తెలియాలి.

ప్రజాభిప్రాయ సేకరణ అనే నాటకశాల

నాటకశాల అన్నది మంచి అర్థంలోనే. తరగతి గదిలో దీన్ని ఆడించి చూస్తే పిల్లలకు చట్టం ఒంటపడుతుంది. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి 1994 నోటిఫికేషన్‌తో వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ 1997లో తప్పనిసరి అయింది. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్. ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన, కలెక్టరు లేదా ఆయన పంపిన అధికారి అధ్యక్షత, కాలుష్య నియంత్రణ మండలి నిర్వహణ. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. ఎంతమంది వచ్చారన్నదానికి కోరం లేదు. చేతులెత్తించి ఓటు తీసుకోవడం లేదు. ప్రతి అభ్యంతరానికీ కంపెనీ జవాబు రాయాలి.

ఒక బెంచీకి కంపెనీ పాత్ర, ఒక బెంచీకి పాళెం, ఒకదానికి వరి రైతులు, ఒకదానికి ఉద్యోగం కోసం చూసే డిప్లొమా కుర్రాళ్లు, ఒకరికి కలెక్టరు కుర్చీ. షరతు ఒక్కటే. ఎవరికీ తమ ఇంటి పాత్ర ఇవ్వకూడదు. గుంటల రైతు కొడుకు పాళెం అవ్వ మాట్లాడినట్టు మాట్లాడాలి. పాళెం పిల్ల బ్యాంకు అప్పు తీర్చాల్సిన రైతు కావాలి. వేషం మార్చుకున్నప్పుడు పిల్లలు చెప్పే మాటలు విని నేను చాలాసార్లు ఆగిపోయాను. ఒక పాళెం పిల్ల రైతు వేషంలో "ఫ్యాన్లకు కరెంటు పోయిన రాత్రి నేను నిద్రపోయినానా, కలెక్టరు గారూ?" అంది. గుంటలో ఏరియేటర్లు ఆగితే గంటల్లో రొయ్య చచ్చిపోతుందని ఆ పిల్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. అంతకు ముందు వారమే ఆమె ఆ గుంటల్ని తిట్టింది. ఆ మాటతో ఆమె అభిప్రాయం మారిందని నేననుకోను. మారాలని పాఠం కోరనూ లేదు.

మరి ఉపాధ్యాయుడి సొంత అభిప్రాయం? పిల్లలు అడుగుతారు, "మీరేమంటారు సార్?" అని. దాచేస్తే దొంగతనంలా ఉంటుంది, ముందే చెబితే పరీక్ష జవాబైపోతుంది. పాఠం చివర, మార్కులు వేసేశాక, "ఇది నా మాట, మీ నాయన మాట వేరు కావచ్చు" అని చెప్పే మాస్టార్లను చూశాను. నాకు అదే సబబనిపిస్తుంది. ప్రభుత్వ నియమావళి ఉన్నచోట "ఫలానా చట్టం ఇలా అంటుంది, ఫలానా తీర్పు అలా అంటుంది" దగ్గర ఆగడం కూడా గౌరవమైన పనే.

ఇక ఆ తొమ్మిదో తరగతి. మాస్టారు ఇద్దరినీ కూర్చోబెట్టి బోర్డు మీద రెండు ప్రశ్నలు రాశాడు. గుంటలకు ఎంత దూరంలో ఉన్న బోరులో అంకె ఎంత? వానలకు ముందు ఎంత, తర్వాత ఎంత? గుంటల వల్ల కావచ్చు, బోర్లు మితిమీరి తోడితే సముద్రం లోపలికి రావచ్చు, ఉప్పుటేరు పోటు వల్ల కావచ్చు, మూడూ కలిసి కావచ్చు. ఒక్క రోజు అంకె దేన్నీ తేల్చదని చెప్పాడు. రూళ్ల నోటుబుక్కులో గడులు గీయించాడు. తేదీ, బోరు, లోతు, గుంట నుంచి దూరం, వాన పడిందా లేదా, టీడీఎస్. చివరి గడి పేరు 'కారణం'. అవ్వ ఏ ఏడాది నుంచి నీళ్లు మారాయంటోందో పాళెం పిల్ల రాసుకురావాలి. గుంటలు ఏ ఏడాది తవ్వారో, ఎన్నాళ్లు ఎండగట్టారో వాళ్ల నాయన్ని అడిగి గుంటల పిల్లవాడు రాసుకురావాలి.

ఈసారి నేను వెళ్లేసరికి వాళ్లు పదో తరగతికి వచ్చారు. నోటుబుక్కు కొత్త తొమ్మిదో తరగతి చేతిలో ఉంది, అట్ట మీద నీళ్ల మరకలు. అంకెలు రెండు రకాల చేతిరాతల్లో నాలుగు పేజీలు నిండాయి. పంట తీసి గుంటలు ఎండగట్టిన నెలల్లో రెండు బోర్ల అంకెలు తగ్గాయి, ఒకటి తగ్గలేదు. 'కారణం' గడి ఇంకా ఖాళీగానే ఉంది. దాని పక్కన ఎవరో పెన్సిలుతో "మూడో బోరు లోతు మళ్లీ అడగాలి" అని రాశారు.